కట్టమంచి వారు కవిగా సరే, వైస్ ఛాన్సలర్‌గా ఏం చేశారు?

మీరు అడిగినవి మూడు. మీరు కొత్తగా అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా చేరారు, శిక్షణలో ఒక పెద్దాయన "కట్టమంచి రామలింగారెడ్డి గారిని చూసి నేర్చుకోండి" అన్నారు, కవి అనీ విమర్శకుడనీ చదివాం గానీ పరిపాలకుడిగా ఆయన చేసిందేమిటి అన్నది మొదటిది. అసలు యూనివర్సిటీ పరిపాలనలో ఫైళ్ళు, సంతకాలు, పరీక్షల టెన్షన్ తప్ప ఇంకేముంది అన్నది రెండోది. మీ ఆంధ్ర విశ్వవిద్యాలయం డిగ్రీ పట్టా మీదున్న గుర్తు ఆయన వేయించిందేనా అన్నది మూడోది. మూడోదానికి చివర్లో వస్తాను.

నా సంగతి ఒక్క మాట. పరీక్షల విభాగంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యాను. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు. ఎనిమిది మంది వీసీలను చూశాను. కట్టమంచి వారు పోయిన తరవాత పుట్టినవాణ్ని కాబట్టి ఆయన్ని చూసింది లేదు. కానీ మా మొదటి రిజిస్ట్రార్ గారు ఎవరైనా తప్పు నోట్ పెడితే ఆయన పేరు ఎత్తేవారు. అలా పట్టుకుంది ఆసక్తి.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతుండగా కాలేజీ పోటీ కోసం 'ముసలమ్మ మరణం' రాశారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ అన్న కోడలి కథ అది. తరవాత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే. తిరిగి వచ్చాక, అరవిందులు అంతకుముందు పాఠాలు చెప్పిన బరోడా కాలేజీలో కొంతకాలం పనిచేశారు. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళు ఇక్కడ ఆయన విమర్శ గ్రంథం 'కవిత్వతత్త్వ విచారము' దగ్గర ఆగిపోతారు. మన పనికి సంబంధించిన కథ ఆ తరవాతే మొదలవుతుంది.

ఆ కథ మొదలైన ఊరు మైసూరు. మహారాజా కాలేజీలో అధ్యాపకుడు, తరవాత ప్రిన్సిపాల్, 1918 నుంచి మూడేళ్ళు సంస్థానం మొత్తానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్. 1916లో నాల్గవ కృష్ణరాజ ఒడెయార్ పాలనలో, విశ్వేశ్వరయ్య దివానుగా ఉండగా మైసూరు విశ్వవిద్యాలయం పుట్టింది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్నవాళ్ళలో కట్టమంచి వారు ఒకరు. అంటే ఒక యూనివర్సిటీ కాగితం మీద నుంచి నేల మీదికి ఎలా దిగుతుందో దగ్గరుండి చూశారన్నమాట. చట్టం ముసాయిదా ఎలా ఉండాలి, సెనేట్‌లో ఎవరుండాలి, డబ్బు ఏ పద్దు కింద రావాలి, ఏది దివాను చేతిలో ఉండాలి, ఏది ఉండకూడదు. ఇవన్నీ క్లాసులో ఎవరూ చెప్పరు. ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో అస్పృశ్యులన్న కులాల పిల్లలను సర్కారు బడుల్లోకి రానివ్వాలని నిలబడ్డారు. ఆ రోజుల్లో అది మాట వరసకు అనడం వేరు, జీవో మీద సంతకం పెట్టించి బడి తలుపు తెరిపించడం వేరు. రెండో పని పరిపాలకుడిది.

మైసూరు వదిలాక మద్రాసు శాసనమండలి, జస్టిస్ పార్టీ, అందులోంచి బయటికి రావడం. ఆ రాజకీయాల్లోకి నేను పోను. ఒక్కటి మాత్రం చెప్పాలి. బడ్జెట్ చర్చల్లో కూర్చున్నవాడికి సర్కారు డబ్బు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. ప్రొఫెసర్‌గానే ఉండిపోయి వీసీ అయినవాళ్ళకి ఈ విద్య రాదు. గ్రాంటు ఎందుకు ఆగిందో తెలీక సచివాలయం మెట్లెక్కి దిగే వీసీలను నేను చూశాను. పాపం, ఫైలు ఆర్థికశాఖలో ఉందో, విద్యాశాఖలో ఉందో కూడా తెలిసేది కాదు.

ఇక 1926. అంతకుముందు తెలుగు జిల్లాల కుర్రాళ్ళంతా మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలే రాసేవారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది మొదలు మనకో యూనివర్సిటీ కావాలన్న మాట పెరుగుతూ వచ్చింది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా వచ్చింది గానీ అది నిజాం రాజ్యంలో, ఉర్దూలో. చివరికి మద్రాసు శాసనమండలి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం చేసింది. కేంద్రం బెజవాడ. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి.

మీరు గమనించాల్సింది ఇక్కడుంది. ఆయన చేతికి వచ్చింది యూనివర్సిటీ కాదు, ఒక చట్టం పుస్తకం, దాంతోపాటు ఒక తగాదా. కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగాదా. బెజవాడ వాళ్ళు బెజవాడ అన్నారు, రాజమండ్రి వాళ్ళు మాది విద్యలకు పుట్టిల్లు అన్నారు, సీడెడ్ జిల్లాల వాళ్ళు, అంటే ఇప్పటి రాయలసీమ వాళ్ళు, అనంతపురం అన్నారు, ఉత్తరాన విశాఖ వాళ్ళు వాల్తేరు అన్నారు. ఇది వట్టి పౌరుషం అనుకోకండి. యూనివర్సిటీ ఎక్కడుంటే హాస్టళ్ళు అక్కడ, అచ్చాఫీసులు అక్కడ, నాలుగు మెతుకులు తినే పూటకూళ్ళ ఇళ్ళు అక్కడ, ముఖ్యంగా ఆ చుట్టుపక్కల పిల్లలకు చదువు అందుబాటులో. జనం కొట్టుకోవడంలో తప్పులేదు. చివరికి వాల్తేరు గెలిచింది. 1930లో కార్యాలయం అక్కడికి మారింది. సీడెడ్ జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయాయి.

ఈ రాయలసీమ సంగతి తరవాత పెద్దదైంది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నప్పుడు అందులో విశ్వవిద్యాలయం గురించి విడిగా ఒక షరతు పెట్టుకున్నారు. విద్యా కేంద్రాలు వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి ఉండాలని. ఆ సమయానికి వాల్తేరులో వీసీ కుర్చీలో ఉన్నదెవరు? చిత్తూరు జిల్లా మనిషి. సొంత సీమ వాళ్ళు ఒకవైపు, తను కాపాడాల్సిన సంస్థ ఒకవైపు. ఆ ఇరుకు మామూలుది కాదు. ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఈ ముక్క పెద్దగా కనిపించదు. నాకైతే ఇదే ముఖ్యమనిపిస్తుంది. మీరు రేపు ఏ సెక్షన్‌లో కూర్చున్నా మీ ఊరివాళ్ళు, మీ కులంవాళ్ళు, మీ బ్యాచ్‌వాళ్ళు వస్తారు.

1930కి వద్దాం. ఉప్పు సత్యాగ్రహం మీద సర్కారు లాఠీ ఎత్తింది. దానికి నిరసనగా కట్టమంచి వారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. చాలామంది దీన్ని దేశభక్తి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. సరే, దేశభక్తే. కానీ మన గదిలోంచి చూడండి. ఐదేళ్ళు కూడా నిండని సంస్థ. కేంద్రం ఇప్పుడిప్పుడే వాల్తేరుకు మారుతోంది. అన్నీ సర్కారు డబ్బుతో జరగాల్సిన పనులు. అలాంటప్పుడు సర్కారును కాదని బయటికి నడవడమంటే, పెళ్ళి పందిరి వేసి పెళ్ళికొడుకు తండ్రే లేచి వెళ్ళిపోవడం. సంస్థకు దెబ్బ తగలదా? తగులుతుంది. అయినా వెళ్ళారు. సర్కారు డబ్బు తీసుకునే సంస్థ సర్కారు గుమస్తా కాదని చెప్పడానికి అంతకంటే సూటిదారి లేదనుకున్నారేమో. నా సర్వీసులో "రాజీనామా జేబులోనే ఉంది" అన్న వీసీలను ముగ్గురిని చూశాను. జేబులోంచి తీసినవాళ్ళను చూడలేదు.

ఆయన తరవాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఐదేళ్ళలో వాల్తేరుకు రంగు మార్చేశారు. దేశం నలుమూలల నుంచి పడుచువాళ్ళను ఏరి తెచ్చారు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి. భగవంతం సి.వి. రామన్ శిష్యుడు, తరవాత బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి. డైరెక్టర్ అయ్యారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తూ వచ్చారు. సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. కట్టమంచి వారు మళ్ళీ వచ్చారు.

ఈ రెండో రాకే నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. దీనికి ముందు నా కళ్ళతో చూసింది ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన చోట ఒక వీసీ గారు లైబ్రరీకి కొత్త భవనం మొదలుపెట్టారు. టెండర్ అయింది, పునాది లేచింది, స్తంభాలు నిలబడ్డాయి. ఆయన పదవీకాలం అయిపోయింది. తరవాత వచ్చినాయన మొదటి వారంలోనే ఫైలు తెప్పించుకుని "కీప్ ఇన్ అబేయన్స్", అంటే ప్రస్తుతానికి ఆపి ఉంచండి అని మూడు ముక్కలు రాశారు. కారణం రాయలేదు. ఆ నోట్ ఫైలు నా సెక్షన్‌లోనే ఉండేది. పచ్చ సిరాతో రాసిన ఆ అక్షరాలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి. రెండు వానాకాలాలు గడిచాయి. స్తంభాల పైనుంచి పొడుచుకొచ్చిన ఇనపచువ్వలు తుప్పు పట్టి ఎర్రనీళ్ళు కారుతుంటే, వాచ్‌మన్ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాడు. మూడో ఆయన వచ్చాక పని మొదలైంది. అప్పటికి ధరలు పెరిగి అంచనా తిరగరాయాల్సి వచ్చింది. స్తంభాలకు బలం ఉందో లేదో చూడ్డానికి ఇంజినీర్లకు మళ్ళీ ఫీజు. దీనంతటికీ కారణం మొదటాయనకీ రెండో ఆయనకీ పడకపోవడం, అంతే.

ఇప్పుడు 1936ను చూడండి. కట్టమంచి వారు వదిలేసి వెళ్ళిన కుర్చీలో ఇంకొకరు కూర్చుని, ఆయనకంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నారు. తిరిగి వచ్చినవాడికి ఎంత కడుపుమంట ఉండొచ్చు! రాధాకృష్ణన్ తెచ్చిన మనుషులు రాధాకృష్ణన్ మనుషులే. వాళ్ళను పొగబెట్టి పంపించడం మన యూనివర్సిటీలకు చేతకాని పనేం కాదు. చార్జీ మెమో అక్కర్లేదు, ల్యాబ్‌కు సామాన్ల ఇండెంట్ రెండేళ్ళు తొక్కిపెడితే చాలు. అలా జరగలేదు. భగవంతం 1940ల్లో చాలాకాలం అక్కడే పనిచేశారు. శేషాద్రి 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళేదాకా వాల్తేరులోనే ఉన్నారు. అంటే కట్టమంచి వారి రెండో విడత పదమూడేళ్ళూ, ముందువాడు నాటిన చెట్టుకు నీళ్ళు పోశారన్నమాట. మీ శిక్షణలో ఆ పెద్దాయన ఏ ఉద్దేశంతో చెప్పారో నాకు తెలీదు. నేనైతే ఆయన్ని ఇందుకే గొప్ప పరిపాలకుడు అంటాను. మొదలుపెట్టినందుకు కాదు, ఇంకొకరు పెంచినదాన్ని నరక్కుండా సాగనిచ్చినందుకు.

తరవాత యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటలు సర్దుకుంది. యూనివర్సిటీ గుంటూరుకు వెళ్ళిపోయింది, వాల్తేరు భవనాల్లో సైన్యం దిగింది.

యూనివర్సిటీ ఊరు మారిందని పుస్తకాల్లో ఒక వాక్యంలో రాసేస్తారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే ఒకసారి మా పరీక్షల విభాగం పైకప్పు కారుతోందని కింది అంతస్తుకు మార్చాం. ఊరు కాదండీ, మెట్లు దిగడమే. విద్యార్థుల మార్కులు రాసి ఉంచే ట్యాబ్యులేషన్ రిజిస్టర్లు, అవే టీఆర్‌లు, ఎర్రగుడ్డలో కట్టిన మూటలు. ఒక్కోటి ఎత్తాలంటే ఇద్దరు అటెండర్లు కావాలి. మూట మీద అంటించిన సంవత్సరం చీటీలు ఊడిపోయాయి. రెండు మూటలకు చెదలు పట్టి ఉంది, విప్పితే పేజీలు అటుకుల్లా రాలాయి. అవన్నీ వరసలో పెట్టి, ఏది ఎక్కడుందో రాసుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా పాత సర్టిఫికెట్ వెరిఫికేషన్ కోసం వచ్చిన కుర్రాడొకడు ఉద్యోగం పోతుందని మా బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. ఒక అంతస్తుకే ఇంత. ల్యాబ్‌లు, పుస్తకాలు, పిల్లలు, పంతుళ్ళు, పరీక్షల రికార్డులతో సహా ఒక యూనివర్సిటీని యుద్ధం మధ్యలో ఇంకో ఊరికి మోసుకెళ్ళి, యుద్ధం అయ్యాక మళ్ళీ వెనక్కి తెచ్చి నిలబెట్టారు. కవిత్వం గురించి ఎంత రాసినా ఈ పని గురించి ఎవరూ పద్యం రాయరు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయకండి. రెండు విషయాలు నాకు మింగుడుపడవు. ఒకటి, 1930లో సర్కారు మీద నిరసనగా పదవి వదిలిన మనిషి 1942లో అదే సర్కారు ఇచ్చిన 'సర్' బిరుదు తీసుకున్నారు. క్విట్ ఇండియా జరిగిన సంవత్సరం కూడా అదే. యుద్ధకాలంలో సంస్థను కాపాడుకోవడానికి సర్కారుతో సఖ్యంగా ఉన్నారని సమర్థించేవాళ్ళున్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆ రెండు సంవత్సరాలు ఒక మనిషిలో ఇమడవు. రెండోది, పదమూడేళ్ళు ఏకధాటిగా ఒకే మనిషి ఉండటం. ఇప్పటిలా మూడేళ్ళ పదవీకాలంతో ఏ పనీ పూర్తికాదన్నది నిజమే. కానీ అంతకాలం ఒకరే ఉంటే సంస్థ ఆ మనిషి నీడలా తయారవుతుంది. ఆయన వెళ్ళాక వచ్చిన వి.ఎస్. కృష్ణ గారు పన్నెండేళ్ళు ఉన్నారు. వాల్తేరు వాళ్ళకు పొడుగు పదవీకాలాలు అలవాటై ఉంటాయి లెండి.

మీ రెండో ప్రశ్న, ఫైళ్ళు తప్ప ఇంకేముంది అన్నది. ఫైళ్ళే ఉన్నాయి. కాదనను. కానీ ప్రతి ఫైలు అట్ట కింద ఎవడో ఒకడు నిలబడి ఉంటాడు. మీరు నోట్ పెట్టేటప్పుడు "ఫర్ ఆర్డర్స్ ప్లీజ్" అని గీత గీసి పైకి తోసేయకండి. నిబంధన ఏమిటి, అంతకుముందు ఇలాంటి కేసులో ఏం చేశారు, ఇప్పుడు ఏం చేస్తే సబబు, మూడూ మీరే రాయండి. పైవాళ్ళు ఒప్పుకోకపోతే అది వాళ్ళ సంతకం కింద ఉంటుంది. మీ యూనివర్సిటీ చట్టం, నియమావళి ఒకసారి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. నవ్వకండి. దాన్ని పూర్తిగా చదివిన ఆఫీసర్లను నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే కోర్టు కేసు పడగానే అందరూ ఒకే ఒక్క సూపరింటెండెంట్ చుట్టూ తిరుగుతారు. కట్టమంచి వారి మొదటి విడతలో ఆయన చేతిలో ఉన్నదల్లా ఆ చట్టం పుస్తకమే అన్నాను కదా, దాన్ని ఆయన మైసూరులో ఒకసారి, ఆంధ్రలో ఒకసారి రూపు కట్టించారు. ముందు వీసీ మొదలుపెట్టిన పని ఫైలు మీ బల్ల మీదికి వస్తే మాత్రం, ఆపమని ఎవరైనా నోటితో చెబితే ఆపకండి. రాతలో అడగండి. రాయమంటే సగంమంది వెనక్కి తగ్గుతారు.

1949లో ఆయన వాల్తేరు వదిలి మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా, అంటే ఛాన్సలర్ తరవాతి పదవిలోకి వెళ్ళారు. తను పడుచుతనంలో పునాదులు వేయించిన చోటికే. పెళ్ళి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న పోయారు. ఆయన సొంత జిల్లాలో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మరో మూడేళ్ళకు, 1954లో వచ్చింది. అనంతపురం ఇంకా చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇక మీ పట్టా మీది గుర్తు. అవును, అది ఆయన కాలంలోదే. ఆయన ఆలోచనకు చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రి రూపం గీశారు. ఉదయిస్తున్న సూర్యుడు విశ్వవిద్యాలయం, కిరణాలు అందులోని చదువులు. తామర లక్ష్మీ సరస్వతుల ఆసనం, స్వస్తిక శుభానికి. కింద 'తేజస్వినావధీతమస్తు', మనం చదివింది తేజోవంతం కావాలని. రెండు పాములున్నాయి చూడండి, చాలామంది వాటిని అలంకారం అనుకుంటారు. అవి జ్ఞానానికి కాపలా ఉండేవాళ్ళు, జ్ఞానాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పట్టా లామినేషన్ చేయించారా? చేయించకపోతే మంచిదే, చేయించకండి. వెరిఫికేషన్‌లో సంతకం, ముద్ర సరిగా కనపడక మా దగ్గర చాలామంది ఇబ్బంది పడ్డారు. ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాచుకోండి, చాలు.